తప్పులెక్క వ్రాయరాదు: జూ రోంగ్జీ రాజ్యతంత్రము

రాజ్యముల చరిత్రను వ్రాయువారు యుద్ధములను, సంధులను, పట్టాభిషేకములను విస్తరించి వ్రాయుదురు. ఆ రాజ్యముల చిట్టా ఆవర్జాలను గూర్చి వ్రాయువారు అరుదు. కాని యొక రాజ్యము నిలుచుటయో కూలుటయో పెక్కుమారులు రణరంగమునకంటె ముందు లెక్కల పుస్తకములోనే నిర్ణయమగుచుండును. ఖజానాలో లేని ధనమును ఉన్నట్లును, పొలములో పండని ధాన్యమును పండినట్లును వ్రాసికొన్న ప్రభుత్వము తన వ్రాతను తానే నమ్మి గోతిలో పడును. ఇరువదవ శతాబ్దపు చీనాదేశ చరిత్రము దీనికి నిదర్శనము. ఆ గోతిని కన్నులార చూచి, దానిలో తానును పడి లేచి, తరువాత దేశపు లెక్కలను సరిదిద్దు పనికి పూనుకొన్న వాడొకడు ఆ దేశమున గలడు. అతడే 1998 మొదలు 2003 వరకు చీనాకు ప్రధానమంత్రిగా నుండిన జూ రోంగ్జీ.

చీనాలో పెద్దలు విద్యాలయములకును సంస్థలకును తమ హస్తాక్షరములతో నొక సూక్తిని వ్రాసియిచ్చుట ఆచారము. జూ సాధారణముగా ఇట్టి వ్రాతలకు అంగీకరింపనివాడు. అయినను 2001వ సంవత్సరమున గణకులకు శిక్షణనిచ్చుటకై స్థాపింపబడిన జాతీయ విద్యాలయమునకు ఆయన నాలుగక్షరములు వ్రాసియిచ్చెను. వాని యర్థము 'తప్పులెక్క వ్రాయరాదు' అని. ధర్మశాస్త్రమునుండి గంభీరమైన వాక్యమొకటి యెత్తి వ్రాయవచ్చును గదా; కోమటి తన గుమాస్తాకు చెప్పునట్టి మాట నేల వ్రాసెను? ఆయన జీవితమును చూచినవారికి ఈ ప్రశ్నకు సమాధానము దొరకును. ఆయన పొందిన శిక్షకును, చేసిన సంస్కరణములకును, తుదకు ఆయనపై మిగిలిన ఋణమునకును గూడ ఆ నాలుగక్షరములే తాళపుచెవి.

జూ 1928వ సంవత్సరమున హునాను రాష్ట్రమందలి చాంగ్షా నగరమున జన్మించెను. ఆయన పుట్టుటకు ముందే తండ్రి గతించెను. బాల్యముననే తల్లియు గతించుటచే బంధువుల పోషణలో పెరిగెను. చదువునందు మిక్కిలి చురుకైనవాడగుటచే బీజింగునందలి చింగ్‌హ్వా విశ్వవిద్యాలయమున ప్రవేశము సంపాదించి, విద్యుచ్ఛక్తిశాస్త్రము నభ్యసించి 1951వ సంవత్సరమున పట్టము పుచ్చుకొనెను. ఇంతలో 1949లో దేశము కమ్యూనిస్టుల వశమయ్యెను. జూ ఆ సంవత్సరముననే ఆ పక్షమున జేరెను. పిదప ఈశాన్యమండలమందలి పారిశ్రామికశాఖలోను, 1952 మొదలు బీజింగునందలి ప్రణాళికా సంఘములోను ఉద్యోగము చేసెను. దేశమున ఎన్ని టన్నుల ఉక్కు కావలెనో, ఎన్ని గజముల బట్ట నేయవలెనో కాగితముపై నిర్ణయించు కార్యాలయమది. అంకెలతోడి ఆయన సహవాసము అచ్చట మొదలయ్యెను.

1957వ సంవత్సరమున మావో త్సేటుంగు పక్షములోని లోపములను నిర్భయముగా చెప్పవలసినదని విద్యావంతులను ఆహ్వానించెను. నూరుపూవులను వికసింపనిండని ఆనాటి నినాదము. యువకుడైన జూ ఆ మాటను నమ్మి, ప్రభుత్వము అసంభవమైన వేగముతో ఉత్పత్తిని పెంచజూచుట యుక్తముగాదని విమర్శించెను. ఆహ్వానము కొలదికాలములోనే ఉచ్చుగా మారెను. విమర్శించిన వారిని లక్షలకొలది ఏరి 'మితవాదులు' అని ముద్రవేసిరి. 1958లో జూ పదవినుండి దింపబడి పక్షమునుండి వెలివేయబడెను.

ఆ సంవత్సరముననే మావో 'మహా ముందంజ' యను ఉద్యమము నారంభించెను. గ్రామాధికారి పండిన పంటను రెట్టింపుచేసి వ్రాసెను. తాలూకా అధికారి దానిని మరికొంత పెంచెను. రాష్ట్రాధికారి యింకను పెంచెను. కాగితముపై ధాన్యము కొండలవలె పెరిగెను. ఆ కాగితమును బట్టియే ప్రభుత్వము తన భాగమును వసూలుచేసెను. రైతునింట మిగిలినది గింజలు గాదు, శూన్యము. 1959 మొదలు 1961 వరకు గ్రామసీమలను పట్టిన క్షామములో కోట్లసంఖ్యలో జనులు మరణించిరి. ప్రకృతి కొంత కారణమైనను తప్పులెక్కయే ఆ క్షామమునకు ముఖ్యకారణమని నేడు చరిత్రకారులు అంగీకరించుచున్నారు. వేగము మితిమీరినదని ముందుగా చెప్పినవాడు శిక్షింపబడియుండెను. మితిమీరిన అంకెలను వ్రాసినవారు బహుమానములు పొందుచుండిరి.

జూ కొంతకాలము ఉద్యోగుల పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండెను. 1962లో క్షమింపబడి ప్రణాళికా సంఘమున ఇంజనీరుగా మరల ప్రవేశించెను గాని, మచ్చ మాత్రము తొలగలేదు. సాంస్కృతిక విప్లవము వచ్చినప్పుడు ఆ పాత ముద్రయే మరల పైకివచ్చి, 1970 మొదలు ఐదేండ్లు ఆయనను పల్లెలోని శ్రమశిబిరమునకు పంపెను. పందులను మేపుటయు, పొలమున పాటుపడుటయు ఆయన కొలువు. ఇరువదియేండ్లు ఈ విధముగా గడచెను. మావో మరణానంతరము డెంగ్ జియావోపింగ్ అధికారమునకు వచ్చిన పిదప 1970వ దశకపు చివర జూపై నేరము తొలగింపబడి పక్షసభ్యత్వము తిరిగి లభించెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదియేండ్లు. మనలో ననేకులు విశ్రాంతిని గూర్చి యాలోచించు వయస్సున ఆయన ప్రజాజీవితము నిజముగా నారంభమయ్యెను.

1988లో ఆయన షాంఘై నగరమునకు మేయరయ్యెను. ఒకప్పుడు తూర్పుఖండమున మహావైభవము ననుభవించిన ఆ పట్టణము అప్పుడు పాతబడిన యంత్రములతోను, ఇరుకైన యిండ్లతోను కుంగుచుండెను. విదేశీయుడెవడైన అచ్చట నొక పరిశ్రమ పెట్టదలచినచో కార్యాలయము వెంట కార్యాలయము తిరిగి ముద్రలు వేయించుకొనవలసి వచ్చుచుండెను. జూ ఆ యధికారములన్నిటిని ఒక్కచోట జేర్చి ఒక్క ముద్రతో పని జరుగునట్లు చేసెను. అందుచే ఆయనకు 'ఒంటిముద్ర జూ' అను పేరు వచ్చెను. హువాంగ్‌పూ నదికి ఆవలనున్న పుడోంగ్ ప్రాంతమును అభివృద్ధిచేయు యోచన 1990లో ప్రకటింపబడెను. ఆ సంవత్సరాంతమున షాంఘైలో వాటాల విపణియు తెరువబడెను.

ఈ మధ్యనే 1989వ సంవత్సరపు విషమపరీక్ష వచ్చెను. బీజింగునందు విద్యార్థుల యాందోళనమును ప్రభుత్వము జూను 4వ తేదీన సైన్యముతో అణచి రక్తము ప్రవహింపజేసెను. షాంఘై వీథులలోను జనులు అడ్డుకట్టలు కట్టిరి. జూ సైన్యమును పిలువలేదు. జూను 8వ తేదీ రాత్రి టెలివిజనులో పౌరులనుద్దేశించి మాటలాడి, కార్మికదళములచే అడ్డుకట్టలను తొలగింపించెను. ఆ ప్రసంగమున ఆయన బీజింగులో జరిగినది చరిత్రమనియు, చరిత్రమును ఎవరును దాచలేరనియు, సత్యము కడకు వెల్లడి కాగలదనియు భావము వచ్చునట్లు పలికెను. ఆనాటి చీనాలో అధికారమందున్నవాడు అంతమాత్రము పలుకుటయు సాహసమే. కాని చిత్రమును పూర్తిగా చూపవలెను. ఆ దినములలో షాంఘైలో రైలుబండి యొకటి జనసమూహముపై పోగా ఆరుగురు మరణించిరి. క్రుద్ధులైన జనులు ఆ బండిని తగులబెట్టిరి. ఈ దహనమునకై ముగ్గురికి సుమారు రెండువారములలోనే మరణదండన విధింపబడి అమలు జరిగెను. సైన్యము రాకుండ నగరమును కాపాడిన కీర్తిని ఆయనకిచ్చు కలము ఈ మూడు ప్రాణములను గూడ వ్రాయవలెను.

1991లో జూ ఉపప్రధానిగా బీజింగునకు పిలువబడెను. మరుసటి యేడు డెంగ్ దక్షిణదేశయాత్ర చేసి సంస్కరణములను వేగిరపరుపుడని ప్రబోధించినంతనే దేశమున ధనోన్మాదము ప్రబలెను. బ్యాంకులు పక్షనాయకుల మాటపై అప్పులిచ్చెను. ఆ అప్పులు హైనాను ద్వీపమున భూముల జూదములోనికి పోయెను. ధరలు మండజొచ్చెను. 1993వ సంవత్సరము వేసవిలో జూ పదునారు నియమములతో నొక ప్రణాళికను సిద్ధపరచి, తానే కేంద్ర బ్యాంకు గవర్నరు పదవినిగూడ వహించెను. అక్రమముగా ఇచ్చిన అప్పులను గడువులోగా తిరిగి రాబట్టవలసినదని బ్యాంకుల యధికారులకు ఆజ్ఞాపించెను. హైనానులో సగము కట్టిన మేడలు మొండిగోడలై నిలిచిపోయెను. 1994లో ధరల పెరుగుదల నూటికి 24 వంతులుండగా, 1997 నాటికి అది మూడు వంతులకు లోపడెను. ఇంతచేసియు దేశోత్పత్తి స్తంభింపలేదు. ధరలదెబ్బ ముందుగా తగులునది నెలజీతగానికిని, ముదుసలికిని, చిల్లరగా బియ్యము కొనువానికిని గావున, ఇది పేదలకు జరిగిన మేలే.

అదే కాలమున ఆయన చేసిన రెండవ పని పన్నుల విభజనము. 1993లో దేశమునందలి ప్రభుత్వాదాయ మొత్తములో కేంద్రమునకు జేరునది నూటికి 22 పాళ్లు మాత్రమే, తక్కినది రాష్ట్రములది. కేంద్రము రాష్ట్రముల యెదుట చేయిచాచి అప్పు అడుగు స్థితికి వచ్చెను. జూ ఆర్థికనిపుణులను వెంటబెట్టుకొని రాష్ట్రము వెంట రాష్ట్రము తిరిగి, అధికారులతో వాదించి, బతిమాలి, బెదిరించి ఒప్పించెను. ధనికరాష్ట్రమైన గ్వాంగ్‌డాంగ్ సులభముగా లొంగలేదు. తుదకు 1993వ సంవత్సరపు వసూళ్లు ప్రతిరాష్ట్రమునకు పునాదిగా నుండవలెననియు, ఆ మేరకు రాష్ట్రమునకు నష్టము రాకుండ చూడవలెననియు ఒడంబడిక జరిగెను. ఈ వార్త తెలిసినంతనే ఆ సంవత్సరపు కడపటి నెలలలో రాష్ట్రముల వసూళ్లు ఆశ్చర్యకరముగా ఉబ్బిపోయెను! పునాది యెంత పెద్దదైన అంత లాభము గదా. తప్పులెక్కను సరిచేయబోయిన వానికి క్రొత్త తప్పులెక్క యెదురయ్యెను. జూ దీనిని ఎరిగియు, సంస్కరణమే మొదలంట చెడిపోవునని సహించి ముందునకు సాగెను. 1994లో కేంద్రపు పాలు నూటికి 56 వంతుల వరకు పెరిగెను.

ఈ విభజనమునకు మరియొక ఫలమును గలదు. ఆదాయము పైకిపోయెను గాని, పాఠశాలలను, వైద్యశాలలను నడుపు భారము క్రిందనే మిగిలెను. చేతిలో పైకము లేని స్థానికాధికారులు కొందరు రైతులపై నానావిధములైన రుసుములు వేసిరి. కొందరు భూములను అమ్మి ఖజానా నింపుకొన మరగిరి. జూ తన పాలనాంత్యమున, 2000వ సంవత్సరము మొదలు, అన్హుయి రాష్ట్రములో ఆ రుసుములను రద్దుచేసి ఒకేపన్నుగా మార్చు ప్రయత్నమును మొదలిడెను. వ్యవసాయపు పన్ను పూర్తిగా తొలగుట 2006లో, ఆయన తరువాతివారి కాలమున జరిగెను.

1997లో థాయిలాండునుండి మొదలై తూర్పు ఆసియానంతయు ఆర్థికవిపత్తు చుట్టుకొనెను. ఇరుగుపొరుగు దేశముల నాణెముల విలువ పడిపోయెను. చీనాయు తన యువానును తగ్గించునని లోకము ఎదురుచూచెను. తగ్గించినచో ఎగుమతిదారులకు లాభము. పొరుగువారికి మరియొక దెబ్బ. 1998 మార్చిలో ప్రధానియైన జూ తగ్గింపనని చెప్పి, చెప్పినట్లే నిలిచెను. ఆ యేడే గ్వాంగ్‌డాంగ్ ప్రభుత్వపు పెట్టుబడి సంస్థయొకటి అప్పులలో మునిగెను. ప్రభుత్వ సంస్థ గనుక ప్రభుత్వమే తీర్చునని విదేశీ బ్యాంకులు నిశ్చింతగా నుండెను. జూ దానిని మూయించి, మరుసటియేడు న్యాయస్థానమున దివాలా తీయనిచ్చెను. లెక్క చూడక అప్పిచ్చినవాడు నష్టములో పాలుపంచుకొనవలెనను పాఠమును ధనికులకు ఆయన ఆ విధముగా నేర్పెను.

ప్రధానిగా ఆయన చేతబట్టిన పనులు మూడు: ప్రభుత్వ కార్ఖానాలు, బ్యాంకులు, ప్రభుత్వశాఖలు. మంత్రిత్వశాఖలను 40 నుండి 29కి తగ్గించి, కేంద్ర కార్యాలయముల ఉద్యోగులను సుమారు సగము చేసెను. సైన్యము నడుపుచున్న వర్తకములను మాన్పించు నిర్ణయము ఆ సంవత్సరముననే వచ్చెను. బ్యాంకుల పుస్తకములలో తిరిగిరాని అప్పులు ఆస్తులుగా కన్పట్టుచుండెను. 1999లో నాలుగు ప్రత్యేక సంస్థలను స్థాపించి సుమారు 1,40,000 కోట్ల యువానుల మొండిబాకీలను బ్యాంకులనుండి వానికి మార్పించెను. లోకవర్తక సంస్థలో ప్రవేశమునకై 1999 ఏప్రిలులో అమెరికాకు పోయి రిక్తహస్తములతో తిరిగివచ్చి స్వదేశమున నిందలుపడెను. అయినను ఆ నవంబరులో అమెరికాతో ఒప్పందము కుదిరెను. 2001 డిసెంబరు 11వ తేదీన చీనా ఆ సంస్థలో సభ్యురాలయ్యెను. తరువాతి కాలమున చీనా వస్తువులు లోకమునిండ వ్యాపించుటకు ద్వారము అచ్చట తెరచుకొనెను. 2002 జనవరిలో ఆయన మన దేశమునకును వచ్చి, బొంబాయి, బెంగుళూరు మొదలగు పట్టణములను దర్శించెను. కంప్యూటరు యంత్రములలో తమ నేర్పును, వానిని నడుపు విద్యలో మనవారి నేర్పును కలిసినచో ఇరుదేశములకు మేలగునని చెప్పిపోయెను.

ఇంతవరకు జమ పద్దు. ఖర్చు పద్దునుగూడ చూడవలెను.

చీనాలో ప్రభుత్వ కార్ఖానాలోని కొలువును 'ఇనుప అన్నపుగిన్నె' అనెడువారు; అది పగులునది గాదు. ఆ గిన్నెలో జీతమే గాక ఇల్లు, వైద్యము, పిల్లల బడి, ముసలితనమున భృతి అన్నియు నుండెను. కాని 1997 చివర పెద్ద, మధ్యతరగతి ప్రభుత్వ కార్ఖానాలలో 6,599 నష్టములలో నడచుచుండెను. బ్యాంకుల అప్పులతో వాని నష్టములు పూడ్చబడుచుండెను. ఆ అప్పులు తిరిగివచ్చునవి కావు. మూడేండ్లలో వానిలో పెక్కింటిని నష్టమునుండి తప్పింతునని జూ ప్రతిజ్ఞచేసెను. పెద్దవానిని ప్రభుత్వము ఉంచుకొని చిన్నవానిని వదలివేయుట ఆ కాలపు విధానము. మొదటి దెబ్బ నూలుమిల్లులపై పడెను. 1998 జనవరి 23వ తేదీన షాంఘైలోని యొక పాతమిల్లులో కదుళ్ల యంత్రములను సుత్తెలతో పగులగొట్టిరి. కోటి కదుళ్లను తీసివేయవలెనని నిర్ణయము. వానితోపాటు 12 లక్షలమంది మిల్లు కార్మికులకు పనిపోయెను.

అన్ని పరిశ్రమలను కలిపి చూచినచో, 1998 మొదలు 2003 వరకు ప్రభుత్వ కార్ఖానాలనుండి పనిపోయినవారు 2 కోట్ల 80 లక్షలకు పైబడిరని ప్రభుత్వమే ప్రకటించెను. నలువదియేండ్లు దాటిన స్త్రీలు, చదువు తక్కువైనవారు ముందుగా తొలగింపబడిరి. షెన్యాంగ్ నగరమున కార్ఖానాల పేటలకు పేటలే పొగలేని గొట్టములతో మిగిలెను. జూ వీరిని పూర్తిగా వదలివేసెననుట న్యాయముగాదు. మూడేండ్లవరకు జీవనభృతియు, క్రొత్తపనిలో శిక్షణయు ఇచ్చుటకు కేంద్రములు పెట్టించెను. 1999లో పట్టణములలోని నిరుపేదలకు కనీసజీవనము కల్పించు నిబంధనలు వచ్చెను. అయినను చాలచోట్ల ఆ భృతి కొంచెముగనో, ఆలస్యముగనో వచ్చెను; కొన్నిచోట్ల రానేలేదు.

ఇచ్చట నొక విషయమును చదువరులు గమనింపవలెను. ఈ సంవత్సరములలో చీనా ప్రభుత్వము ప్రకటించిన పట్టణ నిరుద్యోగపు లెక్క నూటికి 3.1 మాత్రమే. 1997లో 3.1, 2000లోను 3.1. కోట్లమంది వీథిలో పడుచుండగా ఆ యంకె యేల కదలలేదు? పనిపోయినవారి పేరు ఇంకను కార్ఖానా పట్టీలో నుండుటచే వారు నిరుద్యోగులుగా లెక్కింపబడరు. వారికి 'పనినుండి దిగినవారు' అని వేరొక పేరు. పేరు మార్చుటతో దుఃఖము అంకెలనుండి తప్పిపోయెను. తప్పులెక్క వ్రాయరాదని చెప్పిన ప్రధాని కాలముననే, అత్యధికుల బ్రతుకును తాకిన లెక్క ఈ విధముగా వ్రాయబడెను. బ్యాంకుల మొండిబాకీని దాచరాదన్న న్యాయము కార్మికుని ఆకలికి అన్వయింపలేదు.

మరియొక సంఘటనము. 2001 మార్చి 6వ తేదీన జియాంగ్సీ రాష్ట్రమందలి ఫాంగ్లిన్ గ్రామపు బడిలో పేలుడు జరిగి నలువదిమందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు చిన్నపిల్లలు. బడిలో పిల్లలచే బాణసంచా చేయించుచుండిరని తల్లిదండ్రులు చెప్పిరి. మతిచలించిన వాడొకడు మందుగుండు తెచ్చి పేల్చెనని అధికారులు చెప్పిరి. జూ మొదట అధికారుల మాటనే లోకమునకు చెప్పెను. తల్లిదండ్రుల మాట స్వదేశపు పత్రికలలోను విదేశపు పత్రికలలోను వెలువడిన పిమ్మట, మార్చి 15వ తేదీన పత్రికలవారి యెదుట, ప్రభుత్వము ఈ విషయమున తన బాధ్యతనుండి తప్పించుకొనజాలదని ఒప్పుకొని విచారము తెలిపెను. ఆ స్థానమందున్నవాడు అంతమాత్రము చెప్పుటయు ఆ దేశమున అరుదు. కాని బడిపిల్లల ప్రాణములను గూర్చిన నిజమును ప్రధానికి గూడ క్రిందివారు నేరుగా చెప్పలేదను సంగతి ఇచ్చట ముఖ్యము. 1958లో పంటలెక్క ఏ మెట్లు ఎక్కి పెరిగెనో, 2001లో ఆ వార్తయు ఆ మెట్లనే ఎక్కి మారెను. 1998 వరదలలో జియుజియాంగ్ వద్ద యాంగ్‌ట్సీ నదికట్ట తెగినప్పుడు అచ్చటి పనిని చూచి సోయాపిప్పితో కట్టిన కట్టయని ఆయన మండిపడెను. ఆయన కోపము నిజమైనదే. కాని నాయకుడు స్వయముగా పోయి చూచినచోటనే నిజము తెలియునట్టి దేశములో, ఆయన పోని ఊళ్ల మాటయేమి?

2002 మార్చిలో ఈశాన్యమందలి లియావోయాంగ్ పట్టణమున వేలకొలది కార్మికులు వీథులకెక్కిరి. ఆ ఉక్కుమిశ్రమ కార్ఖానాను దివాలా తీయించిరి. జీతములు, భృతులు బాకీపడెను. కార్ఖానా ఆస్తిని అధికారులు మ్రింగి దొంగదివాలా చూపిరని వారి ఆరోపణ. అనగా వారు కోరినది జూ కోరినదే: తప్పులెక్క వ్రాయరాదు, ఉన్న లెక్క చూపవలెను. ఫలమేమి? కార్ఖానా మాజీ అధిపతి నిర్బంధింపబడెను. లెక్క చూపుమని అడిగిన కార్మికనాయకులలో ఇరువురు గూడ రాజ్యద్రోహనేరముపై పట్టుబడి, 2003 మే నెలలో ఒకరు ఏడేండ్లకును, మరియొకరు నాలుగేండ్లకును శిక్షింపబడిరి. అప్పటికి జూ పదవి వదలి రెండునెలలాయెను. 1957లో నిజము చెప్పి శిక్షింపబడిన యువకునకును, ఈ కార్మికులకును భేదమెంత? ఆయనకు ఇరువదియేండ్ల పిదప దేశపు కలము చేతికి వచ్చెను, వీరికి రాలేదు.

2003 మార్చిలో పదవీవిరమణ చేసిన పిదప జూ రాజకీయములలో జోక్యము కలిగించుకొనలేదు. పత్రికలవారికి తానిచ్చిన ప్రత్యుత్తరముల సంపుటము 2009లోను, ప్రసంగముల సంపుటములు 2011లోను వెలువడెను. వానిపై వచ్చిన ప్రతిఫలమును బీదప్రాంతముల పిల్లల చదువునకై దానమిచ్చెను. తన కాలపు చీనాలో అధికారమువలన ధనరాసులు కూడబెట్టిన కుటుంబములనేకముండగా, తన చేతి లెక్కను శుభ్రముగా నుంచుకొన్నవాడను పేరు ఆయనకు మిగిలెను. ఇది చిన్నవిషయము గాదు.

ఆయన చేసిన పని చేయదగినదేనా యని అడిగినచో, చేయదగినదేయని చెప్పవలెను. మునుగుచున్న బ్యాంకులను, నష్టములనే ఉత్పత్తిచేయు కార్ఖానాలను అట్లే యుంచినచో దేశమునకంతకు మరింత కీడు కలిగెడిది. ఆ కీడును పేదలే మరల అనుభవించెడివారు. కాని సంస్కరణము అవసరమనుటతో విచారణ ముగియదు. అప్పులలో మునిగిన ఉమ్మడి కుటుంబమును తలచుకొందము. ఇన్నాళ్లు దాచిన అప్పులను పెద్దకొడుకు ధైర్యముగా బయటపెట్టి, ఇల్లు నిలువవలెనన్న కొన్నిటిని వదులుకొనక తప్పదనును. అతని మాట నిజము. కాని మొదట అమ్మబడునది ఏది? కోడలి మెడలోని నగ. మొదట తగ్గింపబడునది విధవయైన మేనత్త భరణము. పెద్దల భూములు, పెద్దల మర్యాదలు చివరవరకు నిలుచును. ఏలన, కోడలును మేనత్తయు లెక్కల పెట్టె తాళపుచెవి ఎరుగరు, వారు అడుగరాదు. చీనాలోని ఆ రెండుకోట్ల ఎనుబదిలక్షలమంది స్థితియు ఇట్టిదే. అప్పు చేసినది వారుగాదు; తీర్చినది వారు.

మనదేశమున సంస్కరణమును కోరువారు పెక్కుమారులు నిజాయతీగల నాయకుడొక్కడు దొరికిన చాలునని తలంచుట కలదు. జూ రోంగ్జీ అట్టివాడే: చదువుకొన్నవాడు, కష్టము లెరిగినవాడు, లంచమునకు లొంగనివాడు, కోపిష్ఠియైనను కార్యశూరుడు. అట్టివాని పాలనలోను నిరుద్యోగుల లెక్క మరుగుపడెను. బడిపిల్లల మరణమును గూర్చిన నిజము ఆలస్యమయ్యెను. లెక్క అడిగినవారికి సంకెళ్లు పడెను. లోపము ఆయన గుణములో గాక, ఆయనను దాటి ఎవరును పుస్తకమును తెరచి చూడలేని యేర్పాటులో నుండెను. తప్పులెక్క వ్రాయరాదనుట గొప్పమాటయే. ఆ లెక్కను తీర్చువారికి దానిని చదువు హక్కును, తప్పైనచో తప్పని చెప్పి యింటికి క్షేమముగా తిరిగిపోవు హక్కును ఉన్నప్పుడే ఆ మాట పూర్తియగును.